ఒకే ఇంజన్, మూడు ధరలు

బందరు కోనేరు సెంటర్లో గానీ, గుడివాడలో గానీ కొత్త బండితో కనిపించిన కుర్రాడిని తెలిసినవాళ్ళు ఆపి పలకరిస్తే మొదటి ప్రశ్న "ఎంత పడిందిరా?" అని ఉంటుంది. రెండోది "టాప్ మోడలేనా?" అని. అవునంటే బండి చుట్టూ ఒకసారి తిరిగి చూస్తారు. కాదంటే మాట వేరే విషయం మీదకి పోతుంది. ఆ టాప్ మోడల్‌కీ దాని కింది మోడల్‌కీ ఉన్న తేడా ఎక్కడ పుడుతుంది? దాన్ని ఎవరు, ఏ లెక్కతో పుట్టిస్తారు? అందులో ఇనుము పాలెంత, రంగు పాలెంత? ఈరోజు మీతో మాట్లాడదలచింది ఆ సంగతే.

ఈ తేడాలు పుట్టించే విద్యలో ఆరితేరినవాళ్ళు స్పోర్ట్స్ కార్ల కంపెనీలవాళ్ళు. నేలకు జానెడు ఎత్తులో కూర్చునే ఆ కార్లతో మన ప్రాంతంలో పని జరగదు. అవనిగడ్డ దాటి కోడూరు వైపో, నాగాయలంక వైపో కాలవగట్టు రోడ్డు పట్టుకుని వెళ్ళేవారికి ఎక్కడ గుంట ఉంటుందో, ఎక్కడ ధాన్యం ఆరబోసి ఉంటుందో తెలుసు. అయినా వాళ్ళ పద్ధతి మనకు తెలియాలి. అక్కడ కోట్ల రూపాయల కారులో కనిపించే ఏర్పాటే ఇవాళ లక్ష రూపాయల మోటారు సైకిల్‌లోనూ కనిపిస్తోంది.

జర్మనీలో స్టట్‌గార్ట్ నగరంలో పోర్షా అనే కంపెనీ ఉంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆ కంపెనీ ఒక కొత్త కారు చూపించింది. దానికి మొదట పెట్టిన పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్ల మీద హక్కు తమదని ఫ్రాన్సు కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పడంతో ఆ పేరు 911 అయింది. అరవై ఏళ్ళు దాటాయి. తరాలు మారినా ఆ కారు అదే పేరుతో, చూడగానే పోల్చుకోగలిగే ఆకారంతో, ఇంజన్‌ని వెనక చక్రాలకు వెనకాల పెట్టుకుని ఇప్పటికీ తయారవుతోంది.

అప్పటి 911లో ఆరు సిలిండర్ల ఇంజన్, 130 హార్స్‌పవర్. దాని ధర పాత గిరాకీదారులకు అందలేదు. అందుకని 1965లో 912 అని ఇంకో కారు తెచ్చారు. పైన ఒళ్ళంతా 911దే. లోపల మాత్రం పాత 356 మోడల్ నుంచి వచ్చిన నాలుగు సిలిండర్ల ఇంజన్, 90 హార్స్‌పవర్. మొదటి రోజుల్లో 911 కంటే ఆ 912లే ఎక్కువగా అమ్ముడుపోయాయి. నాకు ఈ 912 అంటే గౌరవం. తక్కువ డబ్బుకు తక్కువ ఇంజన్ ఇచ్చారు, దానికి వేరే పేరు పెట్టారు, వెనక మూత మీద ఆ పేరే రాశారు. దాపరికం ఏమీ లేదు. వేగం అక్కర్లేనివాడు తూకంగా నడిచే మంచి కారు కొనుక్కున్నాడు.

ముప్పై ఏళ్ళు గడిచేసరికి లెక్క మారింది. 1990ల మొదట్లో పోర్షా దాదాపు మునిగిపోయే స్థితికి వచ్చింది. కొత్తగా పగ్గాలు పట్టిన వెండెలిన్ వీడెకింగ్ జపాన్ నుంచి నిపుణులను పిలిపించి, కర్మాగారంలో వృథాను కోయించాడు. ఆ పొదుపులోంచి పుట్టినవే 1996లో వచ్చిన బాక్స్‌టర్, 1997లో వచ్చిన కొత్త 911. రెండూ వేరు వేరు కార్లు. ఒకదాంట్లో ఇంజన్ మధ్యలో ఉంటుంది, ఇంకోదాంట్లో వెనక. ధరలో ఎంతో ఎడం. కానీ రెండింటికీ ముందు భాగం ఒకటే. తలుపులు ఒకటే, దీపాలు ఒకటే, లోపల కూర్చుంటే చాలావరకు ఒకటే. వెనకాల వచ్చే కారు చిన్నదో పెద్దదో అద్దంలో చూసి చెప్పడం కష్టమైపోయింది.

కంపెనీ బతికింది. పెద్ద కారు కొన్నవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. అంత డబ్బు పోసి కొన్నాక కూడా ఎదుటివాడు దాన్ని చిన్న కారు అనుకుంటున్నాడన్నది వాళ్ళ బాధ. కొన్నేళ్ళకే, 2001లో, 911 ముందు దీపాలను మార్చి బాక్స్‌టర్‌కి భిన్నంగా చేశారు. ఆ మార్పు కారును రవ్వంత కూడా వేగంగా నడిపించలేదు. అయినా అవసరమైంది. స్పోర్ట్స్ కారు కొనేవాడు వేగంతో పాటు వరుసలో తన స్థానాన్ని కూడా కొనుక్కుంటాడని ఆ దీపాల సంగతితో తెలిసిపోయింది. మన కోనేరు సెంటర్లో అడిగే "టాప్ మోడలేనా" అనే ప్రశ్నకూ, ఆ జర్మను గిరాకీదారుడి బాధకూ మూలం ఒకటే.

ఇక ఇంజన్ సంగతికి వద్దాం. 2015 చివర్లో వచ్చిన 911లో మామూలు కరేరా మోడల్‌కి 370 హార్స్‌పవర్. దానికి పైది కరేరా ఎస్, 420. ఆ తర్వాత వచ్చిన జీటీఎస్, 450. మూడింటిలోనూ ఉన్నది ఒకే మూడు లీటర్ల ఇంజన్. సిలిండర్ల కొలత ఒకటే. తేడా ఎక్కడుందంటే గాలిని లోపలికి నెట్టే టర్బోలో కొంత, పొగ బయటికి పోయే దారిలో కొంత, మిగిలింది ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌లో రాసిన అంకెల్లో. చిలకలపూడి నగల పని తెలిసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు గాజులకు పైన ఎక్కిన బంగారం మందాన్ని బట్టి రెండు ధరలు ఉంటాయి. చేతికి వేసుకున్నాక చూసేవాళ్ళ కంటికి ఆ తేడా అందదు. కొనేవాళ్ళు నమ్మేది అమ్మేవాడి మాటనే.

ఒకే ఇంజన్‌ను రెండు రకాలుగా చేసి అమ్మడం మన దేశానికి కొత్త కాదు. మీలో నడివయసు దాటినవారికి రాజ్‌దూత్ 350 గుర్తుండే ఉంటుంది. జపాన్ యమహా కంపెనీ ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి ఇక్కడ తయారు చేసింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. బుల్లెట్లూ జావాలూ తిరిగే రోజుల్లో అది పిడుగులాంటి బండి. దాంట్లో రెండు రకాలొచ్చాయి. మొదటిది హైటార్క్, తర్వాతది లోటార్క్. జపాన్‌లో పుట్టిన అసలు బండి 39 హార్స్‌పవర్ ఇస్తే, ఇక్కడ హైటార్క్ ఇచ్చింది ముప్పై పైచిలుకు. లోటార్క్ 27.

ఎందుకు తగ్గించారు? పెట్రోలు కోసం. ఆ రోజుల్లో ఈ దేశంలో బండి కొనేవాడి మొదటి ప్రశ్న మైలేజీ. రాజ్‌దూత్ 350 దాహం మామూలుది కాదు. హైటార్క్ కొన్నవాళ్ళు తాగుడు భరించలేక మొత్తుకుంటే ఇంజన్‌కు ఊపిరి తగ్గించి లోటార్క్ అన్నారు. పైకి చూస్తే రెండూ ఒకటే బండి. యాక్సిలరేటర్ తిప్పితే తెలుస్తుంది. అంత చేసినా బండి ఎక్కువ కాలం నిలబడలేదు. సామాన్లు ఖరీదు, బాగుచేసే మెకానిక్కులు తక్కువ. 1990 వచ్చేసరికి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు పాత బండ్లు వెతికి కొనేవాళ్ళు హైటార్క్ కోసమే తిరుగుతారు, లోటార్క్ దొరికితే రెండో ఎంపికగా తీసుకుంటారు.

జనం గుండెల్లో నిలిచింది దాని తమ్ముడు, ఆరెక్స్ హండ్రెడ్. 1985లో వచ్చింది, 1996 దాకా నడిచింది. 98 సీసీ ఇంజన్, 11 హార్స్‌పవర్. ఈ అంకెలు కాగితం మీద చిన్నవే. కానీ బండి తేలిక, ఇంజన్ చురుకు, ఆ సైలెన్సర్ చప్పుడు ఊరి చివర వినిపిస్తే ఎవరు వస్తున్నారో ఇంట్లోవాళ్ళు చెప్పేవారు. ఆరెక్స్ హండ్రెడ్‌లో బేస్ మోడల్, టాప్ మోడల్ అనే మాట లేదు. రంగు ఎంచుకోవడమే. ఆ తర్వాత 135 వచ్చింది, అందులో నాలుగు గేర్లది, అయిదు గేర్లది అని రెండు రకాలు. అప్పటినుంచి మన బండ్లలోనూ వరుసలు మొదలయ్యాయి. 2001లో బజాజ్ పల్సర్ వచ్చినప్పుడు మొదటి రోజే 150, 180 అని రెండు మెట్లతో దిగింది. ఆ రెండు అంకెల మధ్య ఇంజన్‌లో నిజమైన తేడా ఉంది, కొన్నవాడికి తొడల కింద తెలిసేది. నా దృష్టిలో అది న్యాయమైన మెట్టు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 2018లో చేసిన పని ఇంకో రకం. ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ అని రెండు బండ్లు ఒకేసారి తెచ్చారు. రెండింటికీ 648 సీసీ ఇంజన్ ఒకటే, 47 హార్స్‌పవర్ ఒకటే. ఒకదానికి హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. రెండోదానికి కిందికి వంగి ఉంటుంది, కాళ్ళు పెట్టుకునే చోటు వెనక్కి జరిగి ఉంటుంది, ట్యాంకు వేరుగా ఉంటుంది. నిటారుగా కూర్చుని బందరు నుంచి విజయవాడ దాకా పోవాలంటే మొదటిది. పొట్ట ట్యాంకుకు ఆనించి వంగి నడపాలన్న సరదా ఉంటే రెండోది. శక్తిని కోయకుండా, కూర్చునే తీరును మార్చి రెండు బండ్లు చేశారు. మనిషి ఒళ్ళును గమనించి చేసిన తేడా అది.

స్పోర్ట్స్ కార్ల ఇళ్ళల్లో ఇంకో కట్టుబాటు ఉంది. తమ్ముడు అన్నను దాటకూడదు. పోర్షావాళ్ళ కేమన్ కారు 2005లో వచ్చింది. ఇంజన్ మధ్యలో ఉండడం వల్ల బరువు సమంగా పంచుకుని మలుపుల్లో చక్కగా తిరుగుతుంది. మధ్యలో ఇంజన్ ఉండే ఏర్పాటే రేసు కార్లకు మేలైనదని ఇంజనీర్లు ఎప్పుడో తేల్చారు. అయినా కేమన్‌కు చాలాకాలం 911 కంటే తక్కువ శక్తే ఇచ్చారు. 2015లో కేమన్ జీటీ4 అని తెచ్చినప్పుడు 911 కరేరా ఎస్ ఇంజన్‌నే తీసి పెట్టారు. కరేరా ఎస్‌లో 400 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజన్ కేమన్‌లోకి వచ్చేసరికి 385 అయింది. ఆ పదిహేను హార్స్‌పవర్ లోటు చూస్తే నాకు మన ఉమ్మడి కుటుంబాలు కళ్ళముందు మెదులుతాయి. చిన్నవాడికి పెద్ద చదువు చదివే తెలివి ఉన్నా పెద్దవాడి పరువు కోసం ఆగమన్న ఇళ్ళు మన డెల్టాలోనూ ఉన్నాయి.

ఇటలీలో ఎంజో ఫెరారీ చేసింది ఇంకా తీవ్రం. ఆయన దృష్టిలో ఫెరారీ రోడ్డు కారు అంటే పన్నెండు సిలిండర్లు. 1960ల చివర్లో ఆరు సిలిండర్లతో ఒక అందమైన చిన్న కారు చేయించాడు. దాని మీద ఫెరారీ అనే పేరు గానీ, గుర్రం బొమ్మ గానీ వేయనివ్వలేదు. డీనో అని పేరు పెట్టాడు. 1956లో చిన్న వయసులోనే చనిపోయిన ఆయన కొడుకు ముద్దుపేరు అది. ఇంటి పేరు ఇవ్వలేదు, కొడుకు పేరు ఇచ్చాడు. అది చిన్నచూపు అన్నవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం ఒక తండ్రి తన దగ్గరున్న అన్నింటికంటే విలువైన పేరును ఆ కారుకు పెట్టాడనే అనుకుంటాను. ఇవాళ ఆ డీనోలకు ఉన్న గిరాకీ చెప్పనలవి కాదు.

తీసేసి ఎక్కువ ధర పెట్టడం కూడా ఆ లోకంలో ఉంది. 911లో కరేరా టీ అని ఒకటి వచ్చింది. ఇంజన్ మామూలు కరేరాదే, అదే 370. అద్దాలు పల్చన చేశారు, చప్పుడు ఆపే పరుపులు తగ్గించారు, తలుపు లాగే పిడికి బదులు గుడ్డ పట్టీ పెట్టారు. సుమారు ఇరవై కిలోలు తగ్గింది. ధర పెరిగింది. మన ఊళ్ళో ఈ సంగతి చెబితే నమ్మరు. కానీ బరువు తగ్గితే బ్రేకు త్వరగా పడుతుంది, మలుపు సులువవుతుంది, నడిపేవాడికి రోడ్డు చేతికి తెలుస్తుంది. ఆ కారు చేయవలసిన పని అదే కాబట్టి ఆ తగ్గింపుకు అర్థం ఉంది.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. అనంతపురం ప్రాంతంలో పెనుకొండ దగ్గర కియా కంపెనీ కర్మాగారం పెట్టింది. 2019 ఆగస్టులో అక్కడినుంచి సెల్టోస్ అనే కారు రోడ్డెక్కింది. తెలుగు నేల మీద తయారైన ఈ కారుకు వరుసలు కట్టిన తీరు శ్రద్ధగా చూడవలసినది. రెండు పాయలు చేశారు. ఒకటి టెక్ లైన్, ఇంకోటి జీటీ లైన్. టెక్ లైన్‌లో హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్ అని మెట్లు, కొన్నింటికి పక్కన ప్లస్ గుర్తు. జీటీ లైన్‌లో జీటీఎక్స్, జీటీఎక్స్ ప్లస్ లాంటివి. స్పోర్ట్స్ కార్ల పేర్లలో దశాబ్దాలుగా తిరిగిన జీ, టీ అనే రెండక్షరాలు పెనుకొండ కారుకు అలా వచ్చి చేరాయి.

జీటీ లైన్‌లో వచ్చిన 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ 140 హార్స్‌పవర్ ఇచ్చింది. టెక్ లైన్ ఇంజన్లు రెండూ 115. ఇక్కడిదాకా మెట్టు నిజమైనదే. డబ్బు ఎక్కువ పెట్టినవాడికి పికప్ ఎక్కువ దొరికింది. అయితే ఆ జీటీ లైన్ అలంకారం డీజిల్ ఇంజన్‌తోనూ దొరికింది. బంపరు మీద ఎర్ర గీత, బ్రేకుల మీద ఎర్ర రంగు, సీట్లకు ఎర్ర దారపు కుట్టు. ఇంజన్ మాత్రం టెక్ లైన్‌లో దొరికే డీజిలే. ఆ ఎర్ర దారం ఇష్టపడి కొంటే తప్పేమీ లేదు. మనం చీర అంచు చూసి కొంటాం, పెడన కలంకారీలో రంగు చూసి కొంటాం. కానీ ఎర్ర దారాన్ని చూసి కారు వేగంగా పోతుందనుకుని ఓవర్‌టేక్‌కు దిగితే, ఎదురుగా ఇసుక లారీ వస్తున్నప్పుడు ఆ దారం సాయం చేయదు. అలంకారానికీ బలానికీ ఒకే పేరు పెట్టడం నాకు నచ్చని పని.

ఈ విషయంలో మన ఆర్టీసీ బోర్డులు ఎంతో సూటిగా ఉంటాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఇంద్ర. చదువు రానివారు కూడా బస్సు రంగు చూసి ఎక్కుతారు. ఎక్కడ ఆగుతుంది, సీటు వెనక్కి వాలుతుందా, ఏసీ ఉందా అన్నది ఆ పేరులోనే తెలిసిపోతుంది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఆ బోర్డులకు ఇంకో విలువ వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. పై మెట్టు బస్సుల్లో ఉంది. అవనిగడ్డ బస్టాండులో నిలబడ్డ ఒక ఆడమనిషికి ఇవాళ సంచిలో ఉన్న డబ్బు ఖర్చవుతుందా లేదా అన్నది బస్సు నుదుటి మీద రాసిన మోడల్ పేరు చెబుతుంది. పేరుకు ఇంత బరువు ఉన్నప్పుడు అది నిజం చెప్పాలి కదా.

నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. ఇప్పటిదాకా చెప్పిన తేడాల్లో ఒక వస్తువు పెట్టడమో, తీయడమో, మార్చడమో ఉంది. విద్యుత్ కార్లు వచ్చాక ఇంకో దారి తెరుచుకుంది. వస్తువును పూర్తిగా ఇచ్చి, దానికి తాళం వేయడం.

అమెరికాలో టెస్లా కంపెనీ 2016లో మోడల్ ఎస్ 60 అనే కారు అమ్మింది. ఆ అంకె బ్యాటరీ సామర్థ్యానికి గుర్తు, అరవై యూనిట్ల కరెంటు. కానీ ఆ కార్ల అడుగున బిగించిన బ్యాటరీ డెబ్భై అయిదు యూనిట్లది. రెండు రకాల బ్యాటరీలు చేయడం కంటే ఒకటే చేసి, తక్కువ ధర కారులో పదిహేను యూనిట్లను సాఫ్ట్‌వేర్‌తో మూసేయడం కంపెనీకి చవక. తర్వాత కొన్ని వేల డాలర్లు కడితే తాళం తీస్తారు. ఎవరూ కారు దగ్గరికి రానక్కర్లేదు, స్పానర్ పట్టనక్కర్లేదు. కొన్నవాడు ఆ బరువును ప్రతిరోజూ మోస్తూనే ఉంటాడు, వాడుకోలేడు.

2017 సెప్టెంబరులో ఇర్మా అనే పెనుతుపాను ఫ్లోరిడా రాష్ట్రం మీదకి వచ్చింది. లక్షల మందిని ఊళ్ళు ఖాళీ చేయమన్నారు. అలా బయల్దేరిన ఒక కారు యజమాని తుపాను దారిలోంచి బయటపడడానికి తనకు ఇంకొంత దూరం కావాలని కంపెనీని అడిగాడు. కంపెనీ అతనికే కాకుండా ఆ ప్రాంతంలో ఉన్న అలాంటి కార్లన్నింటికీ తాళం తీసింది. ఒక్కో కారు ఇంకో యాభై, అరవై కిలోమీటర్లు ఎక్కువ నడిచే వీలు వచ్చింది. తుపాను వెళ్ళాక మళ్ళీ తాళం పడింది.

ఈ వార్తను దివిసీమవాళ్ళు చదివినట్టు లోకంలో ఇంకెవరూ చదవలేరని నా నమ్మకం. 1977 నవంబరు 19న దివిసీమ మీదకి ఉప్పెన వచ్చింది. పది వేల మందికి పైగా పోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి, ఈ ఊళ్ళ పేర్లు చెప్పగానే ఇంటికొకరుగా పోయినవారు గుర్తొచ్చే కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ రోజు ఎక్కడానికి బండి లేదు, పోవడానికి రోడ్డు లేదు, వస్తుందన్న కబురూ సరిగా అందలేదు. పులిగడ్డ, పెనుమూడి మధ్య కృష్ణ మీద మండలి వెంకట కృష్ణారావు వారధి వచ్చింది 2006లో. అంతకుముందు రేపల్లె వైపు నేరుగా పోవాలంటే పడవే. అలాంటి చోట పుట్టి పెరిగినవారికి, ప్రాణం దక్కించగల యాభై కిలోమీటర్లు కారులోనే ఉండి కూడా తాళం వెనక ఉందని వింటే ఒళ్ళు జలదరించదా?

తాళం తీసిన కంపెనీది మంచి పనే. దాన్ని తక్కువ చేయను. తక్కువ డబ్బు కట్టినవాడికి తక్కువ దూరం ఇస్తామన్నది కూడా ఒప్పందమే, మోసం కాదు. కానీ ఒకరి దయ మీద తెరుచుకునే తాళం ఇంకొకరి మరుపు వల్ల మూతపడే ఉండొచ్చు. తుపాను హెచ్చరిక వచ్చినా, నెట్‌వర్క్ టవర్లు ముందే కూలిపోతే ఆ తాళం ఎవరు తీస్తారు? నవంబరు నెలలో కృష్ణా తీరాన ఉండే మనం ఈ ప్రశ్న అడగాలి. 2022లో మెర్సిడెస్ కంపెనీ కూడా అమెరికాలో తన విద్యుత్ కార్లకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే పికప్ పెంచుతామంది. మోటారు అదే. అది సరదా వేగం కాబట్టి నాకు పట్టింపు లేదు. బ్యాటరీ దూరం అలాంటిది కాదు. మన దగ్గర కూడా విద్యుత్ స్కూటర్లలో కొన్ని సౌకర్యాలకు విడిగా డబ్బు కట్టించుకునే పద్ధతి వచ్చేసింది. గుడివాడ సందుల్లో ఆ స్కూటర్లు ఎన్ని తిరుగుతున్నాయో మీరు చూస్తూనే ఉన్నారు.

రేసుల్లో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఉంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. ఈ పోటీ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ పరుగెత్తిన కార్లన్నింటికీ చట్రం ఒకటే, బ్యాటరీ ఒకటే, టైర్లు ఒకటే. మోటారునూ దాన్ని నడిపించే తెలివినీ మాత్రమే ఏ జట్టుకు ఆ జట్టు చేసుకోవాలి. అందరికీ సమానంగా ఇవ్వవలసింది ఏది, ఎవరికి వారు తేడా చూపించుకోవలసింది ఏది అని ముందే గీత గీశారు.

ఆ గీత మన బజారు బండ్లకూ కావాలి. ముఖ్యంగా ప్రాణానికి సంబంధించినంత వరకు. డ్రైవరు పక్కన కూర్చున్నవారికి ఎయిర్‌బ్యాగు అన్నది మన దేశంలో చాలాకాలం పై మెట్టు సౌకర్యంగా ఉండేది. ఎర్ర దారం, ఎత్తు సీటు, పాటల తెర, ఎయిర్‌బ్యాగు, అన్నీ ఒకే చీటీలో ఒకదాని కింద ఒకటి రాసి ఉండేవి. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు 2019లో తప్పనిసరి అయింది. పక్క సీటుకు 2021లో. అన్నాళ్ళూ బేస్ మోడల్ కారులో పక్కన కూర్చున్న భార్యో తల్లో టాప్ మోడల్‌లో కూర్చున్న మనిషి కంటే తక్కువ మనిషి ఎందుకైందో ఏ కంపెనీ చెప్పలేదు. సెల్టోస్ విషయంలో ఒక మంచి మాట చెప్పాలి. మొదట్లో ఆరు ఎయిర్‌బ్యాగులు పై మెట్లలోనే ఇచ్చినా, 2022లో కింది మోడల్‌తో సహా అన్నింటికీ ఇచ్చారు. పెనుకొండలో చేసే కారు ఆ పని చేసిందని చెప్పుకోవడం నాకు సంతోషం.

మోటారు సైకిళ్ళ దగ్గర పరిస్థితి ఇంకా కుదుటపడలేదు. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడేది ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నింటికీ అది తప్పనిసరి. ఆ కింది బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉంటే చాలన్నారు. మన ఊళ్ళల్లో ఎక్కువమంది నడిపేది ఆ కింది బండ్లే. 125 దాటినవాటిలోనూ మళ్ళీ మెట్లున్నాయి. ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉంటే సింగిల్ ఛానల్. రెండు చక్రాలకూ ఉంటే డ్యూయల్ ఛానల్. ఒకే పేరు, ఒకే ఇంజన్ ఉన్న బండిలో ఈ రెండూ వేరు వేరు ధరలకు అమ్ముతుంటారు. వానాకాలంలో దమ్ము చేసిన పొలాల్లోంచి ట్రాక్టర్లు రోడ్డెక్కి బురద పరిచి వెళ్ళాక, ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె ఉన్న గట్టు మీద వెనక చక్రం జారితే మనిషి ఎక్కడ పడతాడో వేరే చెప్పాలా? ఆ రోడ్డు మీద టాప్ మోడల్‌కీ కింది మోడల్‌కీ ఉన్న అసలు తేడా అదే. స్టిక్కరు కాదు.

2025లో కేంద్ర రవాణా శాఖ దాదాపు కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ ఏబీఎస్ పెట్టాలని ముసాయిదా నిబంధన తెచ్చింది. ధరలు పెరుగుతాయని తయారీదారులు అన్నారు. పెరుగుతాయి, నిజమే. అయినా నేను ఆ నిబంధన పక్షమే. ఈలోపు బండి కొనబోయేవారు షోరూమ్‌లో కూర్చున్నప్పుడు వేరియంట్ల చీటీ అడిగి ఇంటికి తెచ్చుకోండి. తీరిగ్గా చదవండి. ఇంజన్ శక్తి ఎక్కడ మారింది, బ్రేకులు ఎక్కడ మారాయి, టైర్ల వెడల్పు ఎక్కడ మారింది అని చూసి ఆ మూడు వరుసల కింద పెన్నుతో గీత పెట్టండి. విద్యుత్ బండి అయితే బ్యాటరీ అసలు సామర్థ్యం ఎంత, అందులో మీరు వాడుకోగలిగింది ఎంత అని అడిగి ఆ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడితే రోడ్డుకు అవతల ఇంకో షోరూమ్ ఉంటుంది.